అంగుళాలు కాదు... నిలువు చూడండి!

టీవీ అయినా మానిటర్ అయినా షాపులో మనం అడిగే మొదటి మాట ఒకటే... 'ఎన్ని అంగుళాలు?' విజయనగరంలో ఉండే మా పెదనాన్న కూడా అదే అడిగారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పాత కంప్యూటర్ డబ్బా మూలపడితే, టిఫిన్ డబ్బాలో పట్టేంత చిన్న మినీ పీసీ కొన్నారు. దానికి మానిటర్ రాదు, విడిగా కొనుక్కోవాల్సిందే. 24 అంగుళాలదానికి ఇంకొంచెం వేస్తే 27 వస్తుందన్నారు షాపులో. తెచ్చేశారు.

మర్నాడే ఫోను. "ఏటర్రా ఇది, ఒత్తులన్నీ అలుక్కుపోయినట్టున్నాయి!"

ఆయన చదువుతున్నవి మామూలు పేజీలు కావు, పాత పత్రికల్లోని కథలు. కారా మాస్టారు, అదే, కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. సాహిత్య అకాడమీ పురస్కారం డబ్బుతో మొదలైన ఇల్లది. 2021లో ఆయన కన్నుమూశారు. అక్కడ పోగుచేసిన కథలను వేల సంఖ్యలో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తన చిన్నప్పటి కథల్ని ఇంట్లో కూర్చుని మళ్లీ చదువుకోవాలన్నదే పెదనాన్న కోరిక. కంటి ఆపరేషన్ అయ్యాక పుస్తకం చేతబట్టి చదవలేకపోతున్నారు మరి.

తప్పెక్కడ జరిగిందంటే... అంగుళాలంటే తెర మూల నుంచి మూలకు కొలిచే పొడవు. ఎత్తు కాదు. ఒకప్పటి చదరపు 19 అంగుళాల ఎల్‌సీడీ ఎత్తు 30 సెంటీమీటర్లు. అదే 19 అంగుళాలు 16:9 వెడల్పు తెరలో అయితే ఎత్తు 24 సెంటీమీటర్లలోపే! ఏ4 కాగితం ఎత్తు 29.7. అంటే పాత తెరలో పట్టిన కాగితం ఎత్తు మళ్లీ కావాలంటే వెడల్పు తెర 24 అంగుళాలుండాలి.

'మరి 27 ఇంకా మంచిదే కదా' అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. తెర మీది బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 24 అయినా 27 అయినా అవే చుక్కలు. పెద్ద తెరలో చుక్క లావవుతుందంతే, కొత్తగా కనిపించేదేమీ ఉండదు. 24లో అంగుళానికి 92 చుక్కలుంటే 27లో 82. దూరంగా కూర్చుంటే తేడా తెలీదు. పెదనాన్న బల్ల లోతు రెండడుగులు లేదు!

ఇంగ్లిషుకు ఇది సరిపెట్టుకోవచ్చు. మన లిపి మూడంతస్తుల మేడ. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. 'రాష్ట్రం' అన్న మాటలో ఒత్తు కింద మరో ఒత్తు. టూల్‌బార్లు పోను నిలువునా మిగిలేది సుమారు 900 చుక్కలు. పేజీకి 36 లైన్లనుకుంటే లైనుకు 25 చుక్కలు. ఆ పాతికలోనే మేడంతా కట్టాలి. అలుక్కుపోదూ!

దీనికి రెండు దారులున్నాయి. 27 అంగుళాలే కావాలంటే 2560×1440 చుక్కలది తీసుకోవడం. ధర ఎక్కువ. లేదా 24నే నిలువుగా తిప్పుకోవడం. స్టాండు తిరిగే మానిటర్లున్నాయి. తిప్పి, సెట్టింగ్స్‌లో 'పోర్ట్రెయిట్' నొక్కితే అదే పేజీ సుమారు 1500 చుక్కల ఎత్తున నిలబడుతుంది. లైనుకు 40 పైమాటే. అయితే ఐపీఎస్ ప్యానెల్ అయి ఉండాలి. చౌకరకం టీఎన్ ప్యానెల్‌ని నిలబెడితే రంగులు ఓ పక్క వెలిసినట్టుంటాయి.

ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉందిగా, దానికే తగిలిద్దామా? సినిమాకి సరే. వాటిలో చాలావరకు 'హెచ్‌డీ రెడీ', అంటే నిలువుగా 768 చుక్కలే. చదవడానికి పనికిరాదు.

కొనేముందు మీ మినీ పీసీ వెనక్కి ఒకసారి తొంగిచూడండి. ఉన్నది హెచ్‌డీఎంఐనా, డిస్‌ప్లేపోర్టా? వీజీఏ మాత్రమే ఉన్న పాతరకం మానిటర్ చవగ్గా వచ్చినా కన్వర్టర్ ఖర్చు మీద పడుతుంది. మానిటర్ వీపున నాలుగు మర రంధ్రాలుంటే బ్రాకెట్‌తో మినీ పీసీని అక్కడే బిగించేయొచ్చు. బల్ల ఖాళీ. పెన్‌డ్రైవ్‌లో ఒక స్కాన్ పేజీ పట్టుకెళ్లి షాపులోనే తెరిపించండి. మొహమాటపడొద్దు.

ఈ జంటతో మన జిల్లాలకు ఇంకో లాభం. మామూలు పనికి రెండూ కలిపి ఓ పాత సీలింగ్ ఫ్యాన్‌కి మించి కరెంటు కాల్చవు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును చూసినవాళ్లకు ఇన్వర్టర్ విలువ వేరే చెప్పాలా?

పెదనాన్న 27ని వెనక్కిచ్చి, తిరిగే స్టాండున్న 24 తెచ్చుకున్నారు. పొద్దున్నే తెర నిలువుగా... కథలు. సాయంత్రం మనవరాలు అడ్డంగా తిప్పేస్తుంది, ఇంటర్ లెక్కల క్లాసు. తిప్పినప్పుడల్లా వైరు ఊడిపోతోందని మొన్న మళ్లీ ఫోను. కాస్త పొడవు కేబుల్ కొనమన్నాను.