ధర తెలియనివాడి హక్కు
మాల్దీవుల వంటిళ్ల నుంచి పల్నాటి కల్లాల దాకా

ఈపూరు: “చేతిలో చిల్లిగవ్వ లేదు” అని మనం తరచూ అంటుంటాం. ఆ గవ్వ ఎక్కడిదో ఆలోచించేవారు తక్కువ. ఒకప్పుడు మన దేశంలో, ముఖ్యంగా బెంగాల్, ఒరిస్సా ప్రాంతాల్లో గవ్వలు చిల్లర నాణేలుగా చెల్లేవి. వాటిలో పెద్ద భాగం హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి వచ్చేది. 1343-44లో ఆ దీవుల్లో ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడివారు గవ్వలిచ్చి బెంగాల్ వర్తకుల దగ్గర బియ్యం తీసుకునేవారని తన యాత్రా గ్రంథంలో రాశాడు. దాదాపు ఏడు శతాబ్దాలు గడిచాయి. గవ్వల స్థానంలో డాలర్లు వచ్చాయి. బియ్యం మాత్రం నేటికీ ఓడల మీదే రావాలి.

ఎక్కడో సముద్రం మధ్యనున్న దీవులతో ఈపూరులో మిర్చి పండించే కుటుంబానికి ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఒకే ఆదాయం మీద బతికేచోట, కొనే సరుకు ధర ఇంకెవరో నిర్ణయించేచోట సామాన్య కుటుంబం పడే పాట్లు ఎక్కడైనా ఒకటే. అలాంటి కుటుంబానికి ఇస్లాం ఏ రక్షణ ఇచ్చిందో, నేటి చట్టం ఏ దారి చూపిందో తెలుసుకోవడం మనందరికీ అవసరం.

దీవుల వంటింటి లెక్క

మాల్దీవులు చిన్నా పెద్దా కలిపి సుమారు 1,200 దీవుల దేశం. వాటిలో జనం నివసించేవి రెండు వందల లోపే. పౌరులంతా ముస్లింలు. 1153లో అక్కడి రాజు ఇస్లాం స్వీకరించినట్టు చరిత్ర చెబుతోంది. రాజధాని మాలెలో 1658లో పగడపు రాళ్లతో కట్టిన జుమా మసీదును ‘హుకురు మిస్కీ’ అంటారు. వారి ధివేహి భాషలో హుకురు అంటే శుక్రవారం. మన ‘శుక్ర’ శబ్దానికి అది దూరపు చుట్టం.

1972లో అక్కడ మొదటి విహార కేంద్రం తెరిచారు. 2024లో ఆ దీవులకు వచ్చిన పర్యాటకుల సంఖ్య 20 లక్షలు దాటింది. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉన్నవారు సుమారు 5 లక్షల 15 వేల మంది. వారిలో లక్షా 32 వేల మంది పని కోసం వచ్చిన విదేశీయులు. అంటే ఇంట్లో ఉన్నవారికి నాలుగింతల మంది అతిథులు ఏటా వచ్చి వెళుతున్నారన్నమాట.

సముద్రంలో చేపకు కొదవ లేదు. తోటలో కొబ్బరి ఉంది. చేప, కొబ్బరి కలిపి చేసే ‘మాస్ హుని’ని రొట్టెతో తినడం అక్కడి ఉదయపు అలవాటు. ఆ రొట్టెకు గోధుమపిండి మాత్రం బయటి నుంచి రావాలి. బియ్యం, పంచదార, ఉల్లి, బంగాళాదుంప, కోడిగుడ్డు కూడా అంతే. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద మన దేశం ఏటా ఆ దీవులకు సరుకు పంపుతోంది. 2023 జులైలో మన ప్రభుత్వం తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అయినా 2024-25 సంవత్సరానికి మాల్దీవుల కోసం లక్షా 24 వేల టన్నుల బియ్యం, లక్షా 9 వేల టన్నుల గోధుమపిండి, 35 వేల టన్నులకు పైగా ఉల్లి, సుమారు 42 కోట్ల 75 లక్షల కోడిగుడ్లు కేటాయించింది. తమిళనాడులోని నామక్కల్ గుడ్లు అక్కడి వంటిళ్లకు చేరుతున్నాయి. మన దగ్గర నిషేధం అనే ఒక్క మాట పత్రికలో వస్తే అక్కడి ఇల్లాలి గుండె ఎందుకు ఝల్లుమంటుందో ఊహించుకోవచ్చు.

సరుకు కొనడానికి వర్తకుడికి డాలర్లు కావాలి. డాలర్లు పర్యాటకుల వల్ల రావాలి. బ్యాంకులో డాలరు దొరకనప్పుడు వర్తకుడు బయట ఎక్కువ ధరకు కొంటాడు. ఆ ఎక్కువ మొత్తం చివరకు దుకాణంలో పాలపొడి డబ్బా మీద, పిల్లవాడి చెప్పుల మీద పడుతుంది. ప్రభుత్వం కొంత భారం అతిథి మీద పెట్టింది. 2023 జనవరి నుంచి సాధారణ సరుకుల మీద పన్ను 8 శాతమైతే, పర్యాటక సేవల మీద 16 శాతం. 2025 జులై నుంచి అది 17 శాతం అయింది. బియ్యం, పిండి వంటి నిత్యావసరాలను పన్ను నుంచి తప్పించింది.

దెబ్బ తగిలిన రోజులూ ఉన్నాయి. 2014 డిసెంబర్ 4న మాలెలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగింది. కుళాయిలు ఆగిపోయాయి. మంచినీటి సీసాల కోసం దుకాణాల ముందు జనం బారులు తీరారు. మరునాడే మన వాయుసేన విమానాలు నీరు మోసుకెళ్లాయి. 2020లో కరోనా వల్ల మార్చి చివరి నుంచి జులై మధ్య దాకా పర్యాటకుల రాక పూర్తిగా నిలిచిపోయింది. నాలుగు నెలల్లోపే ఒక దేశం మొత్తం జీతం కోల్పోయిన ఇంటిలా తయారైంది.

డబ్బు లెక్కతోపాటు ఇంటి లెక్క కూడా ఉంది. విహార కేంద్రాలు ప్రత్యేక దీవుల్లో ఉంటాయి. అక్కడ పనిచేసే తండ్రి సెలవు దొరికితేనే పిల్లల ముఖం చూస్తాడు. గల్ఫ్ వెళ్లినవారి ఇళ్లు చూసిన మనకు ఈ బాధ వివరించనక్కర్లేదు. 2009 తర్వాత జనం ఉండే దీవుల్లోనూ అతిథి గృహాలు పెరిగాయి. చిన్న కుటుంబాలకు నాలుగు డబ్బులు వచ్చాయి. దాంతోపాటు మసీదు ఉన్న వీధిలో అతిథుల దుస్తులు ఎలా ఉండాలి, వారికి సముద్రతీరంలో ఏ భాగం కేటాయించాలి అన్న ప్రశ్నలు కూడా వచ్చాయి. సంపాదన కావాలి, సంస్కారం నిలవాలి. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఆ సమాజానికి నిత్య పరీక్ష.

కల్లంలో కనిపించే దీవి

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పల్నాడుకు సముద్రం లేదు. కానీ సాగర్ కుడికాలువ నీటిని, పైనున్న ఆకాశాన్ని నమ్ముకుని మిర్చి, పత్తి వేసే రైతు కూడా ఒక విధంగా దీవిలోనే ఉన్నాడు. అతని ఆదాయం ఏడాదికి ఒకసారి వస్తుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ బయటివే. చాలామందికి అప్పు ఇచ్చిన దుకాణమే దిక్కు. అప్పు ఉన్నవాడు ధర అడగలేడు. బిల్లు అడగలేడు. ఇంకో దుకాణానికి వెళ్లలేడు.

2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో. 2025 ఫిబ్రవరిలో పంట చేతికొచ్చే వేళకు ధర పడిపోయింది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఒక పంట మీద నిలబడిన ఊరు, ఒక వ్యాపారం మీద నిలబడిన దేశం ఒకే పడవలో ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రైతు అమ్మేటప్పుడూ ఇదే కథ. గుంటూరు యార్డులో ఆ రోజు ధర ఎంతో తెలియక కల్లం దగ్గరికే వచ్చిన దళారికి టిక్కీలు ఎత్తేవారున్నారు. కాటాలో తేడా, తేమ పేరుతో తరుగు ఇవన్నీ తెలిసినవే. మాలెలో సరుకు కొనే ఇల్లాలికి, ఇక్కడ సరుకు అమ్మే రైతుకు లోటు ఒక్కటే. ధర నిర్ణయించేవాడికి తెలిసిన విషయం వీరికి తెలియదు.

మదీనా అంగడి నేర్పిన నీతి

ఇస్లాం వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసింది. నిజాయితీ గల వర్తకుడికి గొప్ప స్థానం ఇచ్చింది. అయితే తెలియనివాడి అమాయకత్వాన్ని లాభంగా మార్చుకోవడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోలేదు.

దివ్య ఖురాన్‌లో 83వ సూరా పేరే ‘అల్ ముతఫ్ఫిఫీన్’. కొలతలో మోసం చేసేవారి గురించి హెచ్చరిస్తూ ఆ సూరా మొదలవుతుంది. మద్‌యన్ ప్రజల వద్దకు వచ్చిన హజ్రత్ షుఐబ్ (అలై) ఏకదైవారాధనతోపాటు బోధించింది తూకం సరిగా ఉంచమనే. ఒక జాతి పతనానికి తరాజు కూడా కారణం కాగలదని ఆ వృత్తాంతం చెబుతోంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా, లోపల తడిగా ఉంది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే తడిసిన గింజను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. ఈ నీతి కొనేవాడి వైపు మాత్రమే కాదు, అమ్మేవాడి వైపు కూడా వర్తిస్తుంది. పై టిక్కీలో మంచి కాయ, లోపల తాలుకాయ నింపే రైతు సోదరుడు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

సరుకుతో వచ్చే బిడారులకు ఊరి వెలుపలే ఎదురెళ్లి కొనడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా కొన్నా, అమ్మినవాడు అంగడికి చేరి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చారు. కల్లం దగ్గరికి వచ్చే దళారి వ్యవహారానికి పద్నాలుగు శతాబ్దాల నాడే తీర్పు వచ్చిందన్నమాట. ధర పెరగాలని సరుకు దాచిపెట్టేవాడిని పాపిగా పేర్కొన్నారు. అదే సమయంలో మదీనాలో ధరలు పెరిగి, ధర కట్టమని ప్రజలు కోరినప్పుడు ఆయన అంగీకరించలేదు. ఎవరికీ అన్యాయం చేసిన భారం లేకుండా ప్రభువును కలుసుకోవాలని తన కోరిక అన్నారు. వర్తకుడి హక్కు కూడా హక్కేనని ఇందులో పాఠం.

ఇక బాటసారి విషయం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడు. ఊరు తెలియని మనిషిని రెట్టింపు ధరతో దోచుకోవడం, అతడు పర్యాటకుడైనా, కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చిన యాత్రికుడైనా, ముస్లిం వ్యాపారికి తగని పని.

చట్టం చూపిన దారి

దీన్ నేర్పిన న్యాయాన్ని కాపాడుకోవడానికి చట్టం ఇచ్చిన సాధనాలను వాడుకోవడం తప్పుకాదు, బాధ్యత. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జులై నుంచి అమలవుతోంది. పాఠకులు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే. మన రాష్ట్ర రైతుల కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ తీర్పు ఇచ్చింది. కనుక విత్తన ప్యాకెట్టు, బిల్లు పంట చేతికొచ్చే దాకా దాచాలి. మొలక రాకపోయినా, కాపు రాకపోయినా, పైరు పొలంలో ఉండగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలపాలి. పైరు పీకేశాక సాక్ష్యం ఉండదు.

ముద్రించిన గరిష్ఠ ధర కంటే ఎక్కువ తీసుకోవడం నేరం. ఎరువు కావాలంటే ఇంకో సీసా కూడా కొనాలని నిర్బంధించడం చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతి. కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూసే హక్కు మనకుంది. సందేహం వస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నష్టం జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సరుకు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు.

ఇంటి నుంచే మొదలు

ఏడు పుష్కలమైన సంవత్సరాల్లో ధాన్యం దాచి, ఏడు కరువు సంవత్సరాలు దాటించిన హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం మనకు తెలుసు. మిర్చి ధర బాగున్న ఏడాది పెళ్లిళ్లకు, ఆడంబరాలకు ఖర్చుపెట్టి, ధర పడిన ఏడాది వడ్డీ గుమ్మం ఎక్కడం ఎంతవరకు సబబు? మంచి ఏడాదిలో కొంత పక్కన పెట్టాలి. గట్టు మీద నాలుగు కూరపాదులు, ఇంట్లో ఒక గేదె, చదువుకునే ఆడపిల్లకు ఒక పని ఉంటే ఇల్లు ఒకే పంట మీద వేలాడదు.

జుమా రోజున మసీదులో వందమంది చేరతాం. నమాజు ముగిశాక ఆ వారం యార్డు ధర ఎంతో, ఏ విత్తనం మీద ఫిర్యాదులున్నాయో ఒకరికొకరు చెప్పుకుంటే పైసా ఖర్చు లేని సేవ అవుతుంది. పత్రిక చదవగల పిల్లలు తాతకు ధరల పట్టీ చదివి వినిపించవచ్చు. బిల్లు మీద అక్షరాలు తెలిసిన కోడలు అత్తగారి మందుల సీసా మీద గడువు తేదీ చూడవచ్చు.

తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం దానధర్మమే. దుకాణం నడిపే సోదరులు ధర పట్టీ గోడకు తగిలిస్తే, తూచేటప్పుడు ముల్లు కొనేవాడి వైపు కాస్త మొగ్గనిస్తే ఆ సంపాదనలో బరకత్ ఉంటుంది. ప్రళయ దినాన మన కర్మలు తూచే తరాజులో రవ్వంత తేడా ఉండదు. ఆ తూకం గుర్తున్నవాడు అంగడిలో ఎవరినీ మోసగించడు, మోసపోతున్నవాడిని చూసి మౌనంగా ఉండడు. మన వ్యాపారాల్లో నిజాయితీని, మన ఇళ్లలో తృప్తిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.