ఆ గరిటెలో పప్పెంత?

"నిన్న ఏం తిన్నారమ్మా?" అని డెబ్బై అయిదేళ్ల పెద్దావిడను అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "ఏముంది నాయనా, రోజూ తినేదే." పోషకాహార సర్వేలకు ఈ మాట తెచ్చిపెట్టే చిక్కు అంతా ఇంతా కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఇంటింటి లెక్కలకు వాడిన ముఖ్య పద్ధతుల్లో ఇలా నిన్నటి తిండి అడగడం ఒకటి. గడచిన 24 గంటల్లో తిన్నదంతా గుర్తు చేయించి, కొలగిన్నెలు ముందు పెట్టి "దీంతో ఎన్ని?" అని అడుగుతారు. పద్ధతి మంచిదే. కానీ వృద్ధుల విషయంలో దాని అంకెను నోటిమాటగా చూడాలి గాని కొలతగా కాదు. ఆ మాటకు ఒళ్లు చెప్పే సాక్ష్యం కూడా తోడవ్వాలి.

పప్పు సంగతే తీసుకోండి. ఇంట్లో 200 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే లీటరు పప్పు అయిందనుకుందాం. పెద్దావిడ 150 మిల్లీలీటర్లు వేసుకుంటే ఆమె వాటా 30 గ్రాముల పప్పు, అంటే ఆరున్నర గ్రాముల దాకా మాంసకృత్తులు. అంతవరకు బాగానే ఉంది. కానీ పళ్లు ఊడిన మనిషి కదా అని కోడలు ఆమె వాటాలో మాత్రం వేణ్ణీళ్లు పోసి జారుగా కలిపి పెడుతుంది. గిన్నె అదే, కొలత అదే, పప్పు మాత్రం సగం. మనవడి నోట్లో పెట్టిన రెండు ముద్దలు, కంచంలో వదిలేసిన అన్నం వడ్డించిన లెక్కలోనే ఉండిపోతాయి. మందుబిళ్లతో తాగిన పాలు, సాయంత్రం రెండో కాఫీ అసలు గుర్తుకే రావు. 2017లో అదే సంస్థ వెలువరించిన పోషక విలువల పట్టికల్లో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. పట్టిక ఎంత నిక్కచ్చిగా ఉన్నా, గరిటె లెక్క తప్పితే చేసేదేం లేదు.

పెద్దవాళ్లు రోజూ ఒకే తిండి తింటారు, గుర్తుంచుకోవడం సులువే కదా అనవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. రోజూ ఒకటే అయినప్పుడు మనిషి నిన్నటి కంచాన్ని కాదు, తన అలవాటును చెబుతాడు. మూడు ఇడ్లీలు తినే పెద్దాయన నెల నుంచి రెండే తింటున్నా నోటికి మూడే వస్తుంది. మనం పట్టుకోవలసింది తగ్గిన ఆ ఒక్క ఇడ్లీనే. పైగా శనివారం ఒంటిపూట భోంచేసేవారిని ఆదివారం అడిగితే ఒక లెక్క, గురువారం అడిగితే ఇంకో లెక్క. మతిమరుపు ముదిరినవారి తరఫున ఇంట్లోవాళ్లు చెబుతారు; వాళ్లకు తెలిసింది వడ్డించినది, తిన్నది కాదు. ఇక కోడలి ఎదుట అడిగితే అత్తగారు కడుపునిండా తింటున్నాననే అంటుంది. ఇంటి పరువు మరి!

ఈ తప్పులు అటూ ఇటూ వచ్చి చివరికి సర్దుకుంటాయన్నది మరో వాదన. సర్దుకోవు, మొత్తం మీద ఒకవైపే మొగ్గుతాయి. అమెరికాలో 1999-2000లో 40 నుంచి 69 ఏళ్ల వయసున్న 484 మందిపై జరిగిన 'ఓపెన్' అధ్యయనంలో, 24 గంటల పద్ధతిలో మగవాళ్లు 12-14 శాతం, ఆడవాళ్లు 16-20 శాతం కేలరీలు తక్కువ చెప్పారు. ఎనభై దాటినవారికీ అవే శాతాలు వర్తిస్తాయని అనను గాని, మొగ్గు ఎటో తేలిపోయింది. దాన్ని తేల్చింది ఒక రకం నీళ్లు. అందులో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలుంటాయి, రేడియోధార్మికత ఉండదు. బరువు హైడ్రోజన్ ఒంట్లోంచి నీళ్లుగానే పోతుంది. బరువు ఆక్సిజన్ నీళ్లుగానూ, ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగానూ పోతుంది. రెండు వారాలపాటు మూత్రంలో ఈ రెండూ తగ్గే వేగాల్లో తేడా చూస్తే ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో తెలుస్తుంది. బరువు మారని మనిషి ఖర్చుపెట్టినంతే తిన్నట్టు.

ఆ నీళ్లు ఖరీదైనవి, ఊరూరా పోయడం కుదరదు. నిజమే, అక్కర్లేదు కూడా. సర్వేలో కొద్దిమందికి ఇస్తే మిగతావారి లెక్క ఎంత జారుతోందో అంచనా దొరుకుతుంది. మాంసకృత్తులకైతే ఇంతకన్నా చవకైన దారి ఉంది. తిన్న మాంసకృత్తుల్లోని నైట్రోజన్‌లో సుమారు అయిదింట నాలుగు వంతులు మూత్రంలో పోతుంది గనుక 24 గంటల మూత్రం పట్టి కొలవవచ్చు. అయితే మోకాళ్ల నొప్పులతో రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి ఒక్కసారి సీసా మరిచినా లెక్క తప్పుతుంది. రక్తంలో అల్బుమిన్ చూస్తే చాలదా అంటే, చాలదు. జబ్బు చేసినా అది పడిపోతుంది. ఇంట్లో పనికొచ్చేది వంటింటి తూకమే: వడ్డించాక కంచం ఒకసారి, తిన్నాక ఒకసారి. తూస్తున్నారంటే తినే తీరు మారుతుందన్న అభ్యంతరం సబబే. అందుకే రెండు మూడు విడి రోజుల్లో తూచి, పక్కన నెలనెలా బరువు, పిక్క చుట్టుకొలత రాసుకోవాలి. పిక్క 31 సెంటీమీటర్లకు తగ్గితే కండ కరుగుతోందని అనుమానించాలి. 60 కిలోల మనిషికి మన ప్రమాణం ప్రకారం రోజుకు 50 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. చెప్పిన లెక్కలో 30 తేలిందనుకోండి, మాంసకృత్తుల పొడి డబ్బా కొనేముందు బరువు, పిక్క కొలతలు రాసుకున్న ఆ కాగితం చూడండి. కాళ్లకు నీరు పట్టకుండా బరువు, పిక్క నిలకడగా ఉంటే బహుశా చెప్పడంలోనే లోటు. రెండూ దిగుతూ వస్తుంటే తిండిలోనో, ఒంట్లోనో.