కాండిన్‌స్కీ చిత్రములు - సంగీతము

చిత్రము చూచిన వెంటనే "ఇది దేని బొమ్మ?" అని అడుగుట మన అలవాటు. పాట విన్నపుడు మాత్రము "ఇది దేని ధ్వని?" అని ఎవ్వరును అడుగరు. చెవికిగల ఈ స్వేచ్ఛ కంటి కెందుకుండరాదని పట్టుదలతో ప్రశ్నించిన చిత్రకారుడు వసీలీ కాండిన్‌స్కీ (1866-1944).

మాస్కోలో జన్మించి న్యాయశాస్త్రమభ్యసించిన ఆయన, 1896లో విశ్వవిద్యాలయ ఆచార్య పదవి తానై పిలిచినను కాదని, ముప్పదియేండ్ల ప్రాయమున చిత్రకళ నేర్చుటకు జర్మనీలోని మ్యూనిక్ చేరెను. బోధనయే జీవనాధారమైన మాబోటివారికి ఇది సామాన్య సాహసముగా తోచదు.

1911 జనవరి 2వ తేదీన అచ్చట ఆయన షోన్‌బర్గ్ రచనల కచేరీ వినెను. మన కచేరీలలో తంబురా షడ్జమమును విడువదు; గాయకుడెంత దూరము విహరించినను శ్రోత చెవి దానినే ఆశ్రయించి యుండును. పాశ్చాత్య సంగీతమునందును అట్టి ఆధారస్వరము కలదు. షోన్‌బర్గ్ ఆ ఆధారమునే విడిచెను. చిత్రమునకు వస్తురూపమే షడ్జమమువంటిదైనచో, దానిని విడుచుట సాధ్యమా యని మథనపడుచున్న కాండిన్‌స్కీకి ఇది తోడు దొరికినట్లయ్యెను. ఆ కొలది దినములలోనే ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’ని చిత్రించెను. నల్లని పెద్ద ఆకారమొకటి పియానో. వంగిన గీతలు, రంగు మచ్చలు శ్రోతలు. మిగిలినదంతయు పొంగి పొరలు పసుపు. ఆ పసుపు ఏ వస్తువునకును చెందినది కాదు, అది నాదము.

అదే ఏడాది చివర వెలువడిన తన గ్రంథమున పసుపును ట్రంపెట్‌తోను, లేత నీలమును వేణువుతోను, ముదురు నీలమును సెల్లోతోను ఆయన పోల్చెను. దీనిని శాస్త్రముగా గ్రహింపనక్కరలేదని మా అభిప్రాయము. మఱియొకరికి పసుపు వీణగా వినిపింపవచ్చును. గమనింపదగినది ఆయన భయము. రూపమును పూర్తిగా త్యజించినచో చిత్రము తివాచీమీది అల్లికగా, మెడపట్టీమీది నమూనాగా దిగజారునేమో యని ఆయనయే శంకించెను. కావుననే ఆ కాలపు చిత్రములందు రౌతులు, కొండలు, పడవలు సగము కరగి, సగము నిలిచి కనిపించును. ఆ సందిగ్ధమే వాని బలము. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పుగల ‘కంపొజిషన్ 7’ను 1913 నవంబరులో నాలుగు దినములలో పూర్తిచేసినను, దానికి ముందు ముప్పదికి పైగా చిత్తులున్నవి.

1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆయన చిత్రములును ఉంచబడినవి. 1937లో మాత్రము నాజీలు అదే మ్యూనిక్ నగరమున ఆయన కృతులను ‘భ్రష్టకళ’ యని పరిహసించుటకు ప్రదర్శించిరి. కచేరీ చిత్రము వారి కంటబడలేదు. ఒకప్పటి ఆయన సహచరి, చిత్రకారిణి గాబ్రియెల్ మ్యూంటర్, ఆయన తన్ను విడిచిపోయిన పిదపకూడ, ముర్నావు గ్రామమున తన యింటి నేలమాళిగలో ఆయన చిత్రములను దాచియుంచెను. 1957లో ఆమె వానిని మ్యూనిక్ నగరమునకే దానమొసగెను.