సంతకానికి ముందు నాలుగు మాటలు

2016 లో ఒక శనివారం పొద్దున్న పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టి, సంతకం పెట్టించుకుని, ఒక కవరు చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పట్లో నేను న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో హెచ్-1బి మీద పని చేస్తూ, వేరే చోట మంచి ఉద్యోగం దొరికితే రాజీనామా ఇచ్చి అప్పటికి వారం రోజులైంది. కవర్లో రెండు పేజీల ఉత్తరం. 18 నెలలు పని చేస్తానని ఒప్పుకుని 11వ నెలలోనే మానేశాను కాబట్టి, 'లిక్విడేటెడ్ డామేజెస్' కింద 15,000 డాలర్లు నెల రోజుల్లో కట్టాలని దాని సారాంశం.

ఎమ్మెస్ అప్పు ఇంకా తీరలేదు. బ్యాంకులో ఉన్నది అందులో సగం కూడా లేదు. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. లిక్విడ్ అంటే తెలుసు, డామేజ్ అంటే తెలుసు. రెండూ కలిస్తే ఏమిటో మాత్రం తెలియలేదు. నేనేమీ పాడు చెయ్యలేదే, లాప్‌టాప్ కూడా భద్రంగా తిరిగిచ్చేశాను కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు రాలేదు.

భయంలో మనవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. మనకలవాటైన మర్యాద ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ రాశాను. 'మీకు బాకీ ఉన్నానని ఒప్పుకుంటున్నాను, దయచేసి కొంచెం గడువివ్వండి' అని. అదృష్టం కొద్దీ పంపే ముందు ఎడిసన్ లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. "ఒరే, ఆ బటన్ నొక్కకు. సోమవారం లాయర్ని కలుద్దాం" అన్నాడు.

లాయరు గారు నేను రాసిన ఈమెయిల్ చదివి ముందు అడిగిన ప్రశ్న, "ఇది పంపించావా?" అని. లేదన్నాను. "అమ్మయ్య" అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. నేను మర్యాద అనుకున్న ఆ ఒక్క వాక్యం కోర్టు భాషలో 'అడ్మిషన్' అవుతుందట. మనకి అడ్మిషన్ అంటే కాలేజీలో సీటు. వాళ్ళకి, అవతలివాళ్ళు తర్వాత మన మీద వాడుకోగలిగే ఒప్పుకోలు.

మనకి తెలుసనుకున్న మాటలే

న్యాయశాస్త్రపు ఇంగ్లీషు అనగానే నోరు తిరగని లాటిన్ మాటలు గుర్తొస్తాయి. నిజానికి వాటితో పెద్ద ప్రమాదం లేదు. తెలియని మాట కనబడితే ఎవరైనా ఆగి వెతుక్కుంటారు. మనల్ని ముంచేవి మనకి బాగా తెలుసనుకుని దాటిపోయే చిన్న చిన్న మాటలు. అందులోనూ మన వృత్తిలో రోజూ వాడేవే కొన్ని అక్కడ వేరే అర్థంలో కూర్చుని ఉంటాయి. 'ఎగ్జిక్యూట్' అంటే మనం ప్రోగ్రాం నడపడం అనుకుంటాం, అక్కడ పత్రం మీద సంతకం పెట్టి దాన్ని అమల్లోకి తేవడం. 'కన్సిడరేషన్' అంటే ఆలోచించడం కాదు, ఒప్పందంలో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే విలువ.

ఈ రెండో మాట నాకు తట్టిన తీరు చెప్తాను. 2012 లో నా ఎమ్మెస్ ఫీజు కోసం నాన్న అరెకరం పొలం అమ్మారు. తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి కాగితం చదువుతుంటే, నాన్న పక్కన నిలబడి ప్రతి వాక్యానికీ "ఊఁ" కొట్టారు. చెక్కుబందీ దగ్గరకి వచ్చేసరికి తూర్పు హద్దు మళ్ళీ చదవమన్నారు. అందులో 'క్రయ ప్రతిఫలం' అని ఒక మాట ఉంది. కన్సిడరేషన్ అంటే అచ్చంగా అదే! ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా చెప్తుంది. అంటే ఈ భావాలు మనకి కొత్తవి కావు. మన దస్తావేజుల్లో ఎప్పటినుంచో ఉన్నవే. వాటి ఇంగ్లీషు పేర్లే మనల్ని ఏమారుస్తాయి.

జరిమానానా, నష్టపరిహారమా?

సరే, నా 15,000 డాలర్ల సంగతికొద్దాం. లిక్విడేటెడ్ డామేజెస్ అంటే, ఒప్పందం తప్పితే అవతలివాళ్ళకి ఎంత నష్టం రావచ్చో ముందే సబబుగా లెక్కకట్టి కాగితంలో రాసుకున్న మొత్తం. 'పెనాల్టీ' అంటే మనిషిని భయపెట్టి కట్టిపడేయడానికి వేసే జరిమానా. పైకి రెండూ ఒకలాగే కనబడతాయి. కానీ హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఈ తేడానే ప్రాణం. గడువుకి ముందే మానేసినందుకు యజమాని పెనాల్టీ వసూలు చేయకూడదని 1998 లో వచ్చిన చట్టం చెప్తుంది. నిజమైన లిక్విడేటెడ్ డామేజెస్ అయితే అడగవచ్చు. ఫలానా మొత్తం ఈ రెండిట్లో ఏదన్నది ఆయా రాష్ట్రాల చట్టాన్ని బట్టి తేలుతుంది. కాగితం మీద ఏ పేరు రాసుకున్నా, లెక్క సబబుగా ఉందా లేదా అన్నదే ప్రశ్న.

లాయరు గారు ఆ 15,000 ఎలా వచ్చిందో లెక్క అడుగుతూ ఉత్తరం రాశారు. జవాబులో వచ్చిన పట్టికలో నా వీసా దరఖాస్తు ఖర్చులన్నీ ఉన్నాయి. 1998 నాటి ఆ చట్టం కింద యజమాని కట్టాల్సిన శిక్షణ రుసుములో ఒక్క డాలరు కూడా ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ రాబట్టకూడదు. వీసా దరఖాస్తుకైన లాయరు ఫీజు కూడా యజమాని వ్యాపార ఖర్చు కిందే వస్తుంది. ఇలా తీసివేతలు పోగా మిగిలింది కొంచెమే.

ఇంకో చోద్యం. నా ఒప్పందం మొదటి పేజీలో 'ఎట్ విల్' ఉద్యోగం అని ఉంది. అంటే ఎవరైనా, ఎప్పుడైనా, చట్టవిరుద్ధం కాని ఏ కారణంతోనైనా, అసలు కారణమే లేకుండానైనా తెగతెంపులు చేసుకోవచ్చు. మోంటానా తప్ప మిగతా అమెరికా అంతటా మామూలు పద్ధతి ఇదే. మరి ఐదో పేజీలో 18 నెలల మాటేమిటి? "వెళ్ళద్దని ఆ పేజీ అనడం లేదు. వెళ్తే ఎంతవుతుందో చెప్తోంది" అన్నారు లాయరు గారు. నేను మొదటి పేజీ చూసి సంతోషించి ఐదో పేజీ దాకా వెళ్ళలేదు.

అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా?

రాత్రిపూట, వారాంతాల్లో సొంతంగా ఏదో ఒక ప్రాజెక్టు రాసుకునేవాళ్ళు మనలో చాలామందే. వాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన కథ ఒకటుంది.

మార్క్ హాలోడ్నీ అనే పరిశోధకుడు 1988 లో స్టాన్‌ఫర్డ్ లో చేరాడు. తన ఆవిష్కరణల హక్కులు విశ్వవిద్యాలయానికి 'అగ్రీ టు అసైన్' అని సంతకం పెట్టాడు. ఆ తర్వాత పరిశోధన కోసం సీటస్ అనే కంపెనీకి వెళ్తే, వాళ్ళూ ఒక కాగితం ఇచ్చారు. అందులో 'డూ హియర్‌బై అసైన్' అని ఉంది. రక్తంలో హెచ్ఐవీ ఎంత ఉందో కొలిచే పద్ధతి మీద ఆ తర్వాత పేటెంట్లు వచ్చాయి. సీటస్ వ్యాపారంలో ఆ భాగాన్ని రోష్ కంపెనీ కొనుక్కుంది. హక్కు ఎవరిదని దావా పడింది. మొదటి మాట ముందుముందు ఇస్తానన్న వాగ్దానం మాత్రమేననీ, రెండోది అప్పటికప్పుడే ఇచ్చెయ్యడమనీ 2009 లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది. ముందు సంతకం పెట్టించుకున్నా స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన కాబట్టి హక్కు దానంతటదే విశ్వవిద్యాలయానికి వస్తుందన్న వాదనని 2011 జూన్ లో సుప్రీంకోర్టు 7-2 తో తోసిపుచ్చింది.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళకి 'ప్రామిస్' తెలుసు కదా, చేతికి ఇంకా విలువ రాలేదు, వస్తుందన్న మాట మాత్రమే ఉంది. మా ఊరి వాళ్ళకి చెప్పాలంటే ఇంకా తేలిక. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటే పొలం మనది కాదు, రిజిస్ట్రేషన్ అయితేనే మనది. 'అగ్రీ టు' అగ్రిమెంటు. 'హియర్‌బై' రిజిస్ట్రేషన్. మన పాత పత్రాల్లో 'ఇందుమూలముగా' అని ఉండేది చూడండి, అదే ఇది. అలంకారం కోసం పెట్టిన మాట కాదు.

మీ ఉద్యోగ ఒప్పందంలో ఆవిష్కరణల పేరా తీసి ఏ మాట ఉందో ఒకసారి చూసుకోండి. కాలిఫోర్నియాలో అయితే, పూర్తిగా సొంత సమయంలో, కంపెనీ సామాన్లు వాడకుండా, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా చేసినదాన్ని లాక్కునే షరతు చెల్లదు. అక్కడి లేబర్ కోడ్ 2870వ సెక్షన్ ఆ మాట చెప్తుంది. వాషింగ్టన్ తో సహా మరికొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. అన్ని చోట్లా లేవు.

పెద్దక్షరాలు, షల్, మే, అండ్

తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. అందుకేనేమో ఒప్పందాల్లో వాక్యం మధ్యలో ఒక మాట పెద్దక్షరంతో మొదలైతే మన కన్ను పట్టించుకోదు. అది ముందెక్కడో డిక్లేర్ చేసిన వేరియబుల్ అన్నమాట. 'కాన్ఫిడెన్షియల్ ఇన్ఫర్మేషన్' అని పెద్దక్షరాలతో ఉంటే దాని అర్థం మనకి తెలిసిన రహస్యం కాదు, నిర్వచనాల పేరాలో వాళ్ళు ఏం రాసుకుంటే అది. ముందు అక్కడికెళ్ళి చూడాలి.

ఇక 'షల్', 'మే'. ఇంటర్నెట్ ప్రమాణాలు చదివేవాళ్ళకి 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2119 గుర్తుండే ఉంటుంది. అందులో 'షల్' అంటే చేసి తీరాలి, 'మే' అంటే చేసినా మానినా సరే. ఒప్పందాల్లో కూడా చాలావరకు అంతే. నా పాత ఒప్పందం కంప్యూటర్లో తెరిచి ఈ రెండు మాటలూ వెతికాను. శిక్షణ, బెంచి మీద ఉన్నప్పుడు వసతి లాంటివన్నీ కంపెనీ 'మే' ఇస్తుంది. గడువులు, చెల్లింపులు అన్నీ ఉద్యోగి 'షల్'. ఐదు నిమిషాల పని అది. ఆ ఐదు నిమిషాలు సంతకానికి ముందు పెట్టి ఉంటే బాగుండేది.

అయితే చట్టాన్ని కోడ్ లా చదివేస్తే సరిపోతుందనుకుంటే అదీ పొరపాటే. 2018 లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, మాదకద్రవ్యాల కేసులో కనీస శిక్ష నుంచి మినహాయింపు కావాలంటే ముద్దాయికి ఎ, బి, 'అండ్' సి అనే మూడు రకాల నేరచరిత్ర ఉండకూడదు. పల్సిఫర్ అనే ముద్దాయికి ఎ, బి ఉన్నాయి, సి లేదు. మూడూ కలిసి లేవు కదా, మినహాయింపు ఇవ్వండి అన్నాడు. డీమోర్గాన్ సూత్రం చదువుకున్న మనం అతని వైపే ఓటేస్తాం. 2024 మార్చిలో సుప్రీంకోర్టు మాత్రం 6-3 తో, మూడిట్లో ఏ ఒక్కటున్నా మినహాయింపు లేదంది. ఆ వాక్యాన్ని మీలాగే చదివితే చట్టంలో మరో భాగానికి అర్థమే లేకుండా పోతుందన్నది న్యాయమూర్తి కేగన్ రాసిన కారణాల్లో ఒకటి. న్యాయమూర్తి గోర్సచ్, మరో ఇద్దరు ఒప్పుకోలేదు. 'అండ్' అన్న మూడక్షరాల మీద దేశపు అత్యున్నత న్యాయస్థానమే రెండుగా చీలింది. మనకి అనుమానం రావడం తప్పేమీ కాదు. అనుమానం రాకపోవడమే తప్పు.

ఎక్కడ చూడాలి?

కార్నెల్ విశ్వవిద్యాలయం వారి లీగల్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ లో 'వెక్స్' అనే ఉచిత నిఘంటువు ఉంది. నేను చెప్పిన మాటలు చాలావరకు అందులో తేలిక ఇంగ్లీషులో దొరుకుతాయి. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా అడిగిన వెంటనే వివరిస్తుంది. మాట అర్థం తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. కాకపోతే 2023 లో న్యూయార్క్ లో ఇద్దరు లాయర్లు అది పుట్టించిన లేని కేసుల్ని కోర్టుకిచ్చి, 5,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్నారు. డబ్బు, వీసా ముడిపడిన చోట మీ రాష్ట్రంలో పని చేసే లాయరుకి ఒక గంట ఫీజు ఇవ్వడమే చవక. నేను లాయర్ని కాను. ఈ వ్యాసం ఆయన దగ్గరకి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

చివరికి నా గొడవ 2,000 డాలర్లకి తేలింది. రాజీ పత్రం వచ్చింది. పేరు 'రిలీజ్'. మన రిలీజ్ అంటే కొత్త వెర్షన్ బయటికి వదలడం. ఇక్కడ, ఇక ఈ విషయంలో మీ మీద ఏ దావా వెయ్యనని హక్కు వదులుకోవడం. ఈసారి తొందరపడలేదు. బావని ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా, ఒక్కో వాక్యం చదివాను. మూడో పేరాలో ఆగాను. హక్కులు వదులుకునేది నేనొక్కణ్ణే, కంపెనీ కాదు. డబ్బు కట్టిన తర్వాత కూడా వాళ్ళు మళ్ళీ ఉత్తరం పంపొచ్చు. లాయరు గారికి ఫోన్ చేసి చెప్తే, "బాగానే పట్టావే" అని 'మ్యూచువల్' అనే మాట, దానికి తగిన వాక్యం చేర్పించారు. అవతలివాళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన డబ్బు గురించి అడగలేదు. "మొదటిసారి సంతకం పెట్టినప్పుడు ఎవరు చదివి వినిపించారురా?" అని అడిగారు.

ఎవరూ లేరు. ఎయిర్‌పోర్టులో ఫోన్ మీద చివరి పేజీకి జరిపి, వేలితో నొక్కేశాను నాన్నా అని చెప్పలేక, సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.