ఇరవై ఆరు తుపాకులతో మొదలైన మన్యం యుద్ధం

గోదావరి డెల్టాలో మనిషి దాక్కోవడం కష్టం. ఎటు చూసినా కాలువలు, వరిచేలు, గట్లు. రంపచోడవరం దాటి ఏజెన్సీలో అడుగుపెడితే సంగతి వేరు: వాగులు, ఇరుకు కనుమలు, పది అడుగుల దూరాన ఎవరున్నారో తెలియనివ్వని అడవి. భీమవరం దగ్గరి మోగల్లు కుటుంబానికి చెందినవాడు, రాజమండ్రి ఫొటోగ్రాఫర్ కొడుకు అయిన అల్లూరి సీతారామరాజు బ్రిటిష్ పాలనపై పోరాటానికి ఎంచుకున్నది ఈ కొండలనే.

బలమైన శత్రువుకు ఎదురు నిలబడకుండా, అతను ఏమరుపాటుగా ఉన్నచోట కొట్టి మాయమవడమే గెరిల్లా పద్ధతి. 1808 నుంచి నెపోలియన్ సేనలను స్పెయిన్ రైతులు ముప్పుతిప్పలు పెట్టింది ఇలాగే. కానీ అడవి ఒక్కటే ఎవరినీ కాపాడదు. అన్నం పెట్టే ఇళ్లు, పోలీసు ఎటు వెళ్తున్నాడో చెప్పే నోళ్లు కావాలి. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయం మీద పెట్టిన ఆంక్షలు, హక్కులు కోల్పోయిన కొండ గ్రామాల ముఠాదారుల కోపం, గూడెం రోడ్డు పనుల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఎగ్గొట్టిన కూలి డబ్బులు ఆ అండను ముందే సిద్ధం చేసి ఉంచాయి.

మరి తుపాకులో? శత్రువు దగ్గరే ఉన్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేశారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికొచ్చాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న తిరుగుబాటుదారు వీరయ్యదొరను విడిపించారు. ఏమేమి పట్టుకెళ్తున్నదీ స్టేషన్ డైరీలో రాసి రాజు సంతకం పెట్టాడు. అది దొంగతనం కాదు, యుద్ధ ప్రకటన.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది ఈ విద్యకు పరాకాష్ఠ. దారి ఇరుకు, రెండు వైపులా పొదలు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను కదలకుండా పోనిచ్చారు. వెనక తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ గురికి అందగానే కాల్చారు. ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. మనవాళ్లను చంపకూడదన్నది రాజు నియమం. అందులో దయ ఉంది, లెక్కా ఉంది: ప్రాణం దక్కిన కానిస్టేబులు మళ్లీ అదే ఉత్సాహంతో అడవిలోకి రాడు.

ఆ తర్వాత రాజు మిరపకాయ టపాతో (మిరపకాయలు కట్టి పంపే లేఖతో) ముందే కబురు పెట్టి మరీ దాడికి వెళ్లాడు. జనంలో అతని పేరు మారుమోగింది. అయితే అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లలో చెప్పుకోదగ్గ ఆయుధాలు దొరకలేదు. పోలీసులు అప్పటికే జాగ్రత్తపడ్డారు. గెరిల్లాకు ఉన్న పెద్ద ఆస్తి ఆకస్మికత. దాన్ని కీర్తి కోసం వదులుకోవడం ఖరీదైన పని అని నాకనిపిస్తుంది.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం పొలాల్లో మలబారు స్పెషల్ పోలీసులు లూయిస్ మెషిన్ గన్‌తో ఎదురుపడ్డారు. పొలంలో చాటు ఏముంటుంది? రాజు మనుషులు కొందరు నేలకొరిగారు. ఆ రాత్రే లింగాపురంలో మరో దెబ్బ తగిలింది.

అయినా మరో పదిహేడు నెలలు పోరు సాగింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాయి. ఊరూరా శిబిరాలు వెలిశాయి, తిండి సాయం చేసిన గ్రామాలు వేధింపులకు గురయ్యాయి. కొండమీదికి గింజలు వెళ్లే దారులు మూసుకుపోయాయి. మే 7న కొయ్యూరు ప్రాంతంలో పట్టుబడ్డ రాజును విచారణ లేకుండా కాల్చి చంపారు. జూన్‌లో రాజు సహచరుడు గాం గంటందొర నేలకొరిగాడు. 1923లోనే పట్టుబడిన అతని తమ్ముడు మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి, స్వతంత్ర భారతంలో 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లాడు.