పెడితే తిందును!

ఏ పరాయి భాష నేర్చుకోబోయినా మనల్ని ముందుగా బెదరగొట్టేవి క్రియలే. స్పానిష్ కూడా అంతే. కాని ఆ భాషలో ఒక రూపం మాత్రం ఎక్కం అప్పజెప్పినంత సులువుగా నోటికి వస్తుంది. 'సెలవు దొరికితే వత్తును', 'పెడితే తిందును' అంటామే, ఆ రూపం.

'కొమేర్' అంటే తినడం. ఆ మాటను ఉన్నదున్నట్లు ఉంచి, చివర 'ఈయా' చేర్చండి.

నేను తిందును – కొమెరీయా
నీవు తిందువు – కొమెరీయాస్
అతడు తినును – కొమెరీయా
మేము తిందుము – కొమెరీయామోస్
మీరు తిందురు – కొమెరీయాయిస్
వారు తిందురు – కొమెరీయాన్

ఆరు రూపాలూ అయిపోయాయి! 'అబ్లార్' (మాట్లాడడం) అయితే అబ్లరీయా, 'బిబీర్' (జీవించడం) అయితే బిబిరీయా. మాట వినని క్రియలు డజను, వాటి పిల్లలు మరికొన్ని. అవైనా మొదట్లోనే మారతాయిగాని, ఈ తోకలను మార్చవు. 'నేను', 'అతడు' రూపాలు ఒకటే కనుక, అనుమానానికి తావున్న చోట 'యో' (నేను) అనో, 'ఎల్' (అతడు) అనో ముందు చేర్చుకోవాలి.

ఈ 'ఈయా' ఎక్కడిదంటారా? 'అబేర్' అనే సహాయక్రియకు 'అబీయా' అని ఒక భూతకాల రూపం ఉన్నది. పూర్వం అది అసలు క్రియ వెనుక విడిగా నిలబడేది. రానురాను అరిగి, అతుక్కుపోయింది.

చిక్కల్లా మన తెలుగువల్లనే. 'చిన్నప్పుడు చేపలు తినేదాన్ని' అంటాం. 'ఉంటే తినేదాన్ని' అనీ అంటాం. మొదటిది ఒకప్పటి అలవాటు. రెండోది జరగని ముచ్చట. మనకు రెంటికీ మాట ఒక్కటే. స్పానిష్‌లో మొదటిది 'కొమీయా', రెండోది 'కొమెరీయా'. ఒక్క అక్షరం తేడా!

మా మేనకోడలు చదువుకోసం సలమాంకా వెళుతున్నది. అక్కడ ఒకరింట్లో బస, భోజనమూను. 'చేపలు తింటావా?' అని ఆ ఇంటావిడ వ్రాసింది. మా పిల్ల రెండేళ్ళ క్రితమే మానేసింది. "మావయ్యా, 'తినేదాన్ని, మానేశాను' అని వ్రాయాలి. కొమీయానా, కొమెరీయానా?" అన్నది. కొమీయా అనే చెప్పాను. ఆ అక్షరం కాస్తా ఎక్కువ పడితే, 'పెడితే తింటుంది కాబోలు' అనుకుని ఆవిడ ఆప్యాయంగా చేపలు వండి పెడుతుంది. మొహమాటస్తురాలైన మా పిల్ల పస్తుంటుంది!

అయితే ఇదే రూపం మర్యాదకూ పనికివస్తుంది. 'గుస్తార్' అంటే నచ్చడం. 'మె గుస్తరీయా తొమార్ ఉన్ కఫే' అంటే 'కాఫీ దొరికితే బాగుండును' అన్నంత వినయం. పరాయి దేశంలో కాలు పెట్టేవారు ముందుగా ఈ ఒక్క మాట నేర్చుకున్నా చాలు. కాఫీ దానంతటదే వస్తుంది.