పుస్తకం సగంలో మూసేయొచ్చా?

మా బరంపురం సంఘం గ్రంథాలయం అంటే పెద్ద హాలేమీ కాదు. రెండు ఇనప బీరువాలు, ఒక రిజిస్టరు, అంతే. కిందటి వేసవిలో చెమ్మ పట్టిన పుస్తకాలన్నీ బయటికి తీసి దులిపాం. ఒక్కో పుస్తకంలోంచీ గుర్తు కోసం పెట్టిన కాగితాలు రాలాయి. బస్సు టిక్కెట్లు, శుభలేఖ ముక్కలు, ఒకదాంట్లో ఎండిన తమలపాకు. ‘వేయిపడగలు’లో ఏకంగా ఆరు గుర్తులు ఉన్నాయి. అయిదు మొదటి వంద పేజీల్లోపే ఆగిపోయాయి. ఆరోది సగానికి కాస్త ఇవతల ఉంది. అది మాదే. ఆ నవల మీద ఒక సభలో ఇరవై నిమిషాలు గంభీరంగా మాట్లాడిన వాళ్ళం. సగం కూడా చదవకుండానే మాట్లాడామని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

మన ఇళ్ళల్లో పుస్తకం మధ్యలో వదిలేయడం అంటే విస్తట్లో అన్నం వదిలేసినట్టే లెక్క. పైగా అది తెలుగు పుస్తకమైతే భాషనే వదిలేసినంత బాధ. ఆ బాధతోనే మేమొక తప్పు చేశాం. కొన్నేళ్ళ క్రితం పిల్లలకు ఒక నిబంధన పెట్టాం: తీసుకున్న పుస్తకం కథ చివరిదాకా చెబితేనే రెండో పుస్తకం ఇస్తామని. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి వారం వారం వచ్చేది. మంచిది కదా అని ఒక పెద్ద చారిత్రక నవల చేతిలో పెట్టాం. రెండుసార్లు గడువు పెంచింది. మూడోసారి పుస్తకం వాళ్ళ తమ్ముడి చేత పంపించింది. తర్వాత తను రాలేదు. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తోంది, తెలుగు చక్కగా మాట్లాడుతుంది. వాళ్ళ అమ్మమ్మ ఫోన్‌లో తెలుగులో నాలుగు ముక్కలు రాసి పంపితే మాత్రం “చదవలేనమ్మమ్మా, వాయిస్ పెట్టు” అంటుందట. ఆవిడే చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఆ పిల్ల వదిలేయాల్సింది ఒక్క పుస్తకాన్ని. దాన్ని వదలనివ్వకుండా మేం పట్టుబట్టడంతో అన్ని పుస్తకాలూ వదిలేసింది. అప్పటినుంచీ ఈ విషయం గురించి ఆలోచిస్తున్నాం. ఆంధ్ర, తెలంగాణల బయట తరాలుగా ఉంటున్న మనకు ఈ ప్రశ్న అక్కడి వాళ్ళకున్నంత తేలిక కాదు. పుస్తకం ముందుకు సాగడం లేదంటే, అడ్డు ఎక్కడుందో ముందు చూసుకోవాలి. అడ్డు లిపిలో ఉండొచ్చు, యాసలో ఉండొచ్చు, నిజంగా పుస్తకంలోనే ఉండొచ్చు.

లిపి సంగతి ముందు. బరంపురం 1936లో ఒడిశా వైపు వచ్చింది. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా అక్షరాలు దిద్దుతారు. వాటికి పైన గొడుగులా వంపు ఉంటుంది. మన తలకట్లు, కింద వత్తులు చూస్తే వాళ్ళ కన్ను తడబడుతుంది. తమిళనాట పెరిగిన పిల్లలకు ఇంకో చిక్కు. తమిళంలో ఒక్క అక్షరంతో సరిపెట్టుకునే చోట మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు. కర్ణాటక పిల్లలు అదృష్టవంతులు, లిపి దగ్గర చుట్టం కాబట్టి కొద్ది రోజుల్లోనే పట్టుబడుతుంది. యానాం వాళ్ళకు ఈ బెడదే లేదు. పాత ముద్రణలైతే పెద్దవాళ్ళకూ కష్టమే: అరసున్నలు, బండి ఱలు, చీమల బారులాంటి సన్నక్షరాలు. పేజీకి పది నిమిషాలు పడుతుంటే ఎంత గొప్ప కథైనా విసుగే. అలాంటప్పుడు విసుగు కథ మీద కాదు, కూడబలుక్కోవడం మీద. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి పెద్దక్షరాల చిన్న కథలు ఇవ్వాలి. చదివించేటప్పుడు ఒక పేరా మనం, ఒక పేరా వాళ్ళు చదివితే చాలా తేడా ఉంటుంది. ఇది వదిలేయడం కిందికి రాదు, వాయిదా కిందికి వస్తుంది.

యాస విషయం ఇంకా చిత్రంగా ఉంటుంది. ‘కన్యాశుల్కం’ విజయనగరం వైపు మాట. బరంపురంలో ఒక ముసలాయన గిరీశం మాటలు బయటికి చదువుతుంటే, అక్షరం ముక్క రాని ఆయన భార్య వంటింట్లోంచి పకపకా నవ్వడం మేం విన్నాం. అదే పుస్తకం షోలాపూర్‌లో స్థిరపడిన మా బంధువుల అబ్బాయికి ఇస్తే నాలుగు పేజీలకే తిప్పి పంపాడు. స.వెం. రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు ఒడ్డు తెలుగు. చెన్నై చుట్టుపక్కల వాళ్ళు చదివి మా అవ్వ మాటే ఇది అంటే, మాకిక్కడ మొదటి రెండు కథలూ రాళ్ళు ఏరుకుంటూ అన్నం తిన్నట్టే అనిపించాయి. మూడో కథకు చెవి అలవాటు పడింది. యాస అడ్డం వచ్చిందని వదిలేయబోయే ముందు ఒకటి చేయండి. ఒక పది పేజీలు పైకి చదవండి. కంటికి అందని మాట చాలాసార్లు చెవికి అందుతుంది. అప్పటికీ అందకపోతే నిస్సంకోచంగా మూసేయండి.

ఇక పుస్తకమే నచ్చకపోవడం. నాన్సీ పెర్ల్ అనే అమెరికా లైబ్రేరియన్ దీనికొక లెక్క చెప్పింది. యాభై పేజీలు చదవండి, పట్టకపోతే ఆపేయండి అంది. వయసు యాభై దాటితే ఆ వయసును నూటిలోంచి తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలట. ఆ లెక్కన అరవై ఆరేళ్ళ మాకు ముప్ఫై నాలుగు పేజీలు. గుమాస్తా ఉద్యోగం చేసిన వాళ్ళం కాబట్టి ఈ లెక్క మాకు బాగా నచ్చింది. కానీ అది చదవడం అలవాటైన వాళ్ళ కోసం. మన పిల్లలకు యాభై పేజీలంటే ఒక్కోసారి నెల రోజులు. వాళ్ళకు పదిహేను పేజీలు చాలంటాం.

పేజీల లెక్క కంటే నమ్మదగ్గ గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. చదివిన పేజీనే మూడోసారి చదువుతున్నారా? ఇంకెన్ని పేజీలున్నాయో మాటిమాటికీ వెనక్కి తిప్పి చూస్తున్నారా? పుస్తకం మూశాక అందులో మనుషులెవరూ మీ వెంట రావడం లేదా? మూడింటికీ అవునంటే ఇక మొహమాటం అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నచ్చకపోవడం వేరు, గుచ్చుకోవడం వేరు. రావిశాస్త్రి ‘అల్పజీవి’ని మేం రెండుసార్లు మూసేశాం. బాగాలేక కాదు. అందులో సుబ్బయ్య అడుగడుగునా భయపడే ఒక చిన్న ఉద్యోగి. పై అధికారి ముందు నోరు పెగలక నిలబడిన మా రోజులన్నీ గుర్తొచ్చి పుస్తకం పట్టుకోలేకపోయాం. అయినా సుబ్బయ్య వదల్లేదు, ఆఫీసుకు వెళ్తుంటే వెంటే వచ్చాడు. మూడోసారి పూర్తి చేశాం. మనిషిని అలా వెంటాడే పుస్తకాన్ని మాత్రం వదలకండి.

ఇప్పుడు వదిలేస్తే ఎప్పటికీ వదిలేసినట్టు కాదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఇరవై అయిదేళ్ళ వయసులో మాకు కొరుకుడు పడలేదు. దయానిధి ఎందుకింత నసుగుతాడని చిరాకు పడ్డాం. రిటైరయ్యాక మళ్ళీ తీశాం, వారంలో ముగిసింది. ఆ దయానిధే, ఆ పుస్తకమే. ‘అమరావతి కథలు’ లాంటివి నూరు కథల పుస్తకాలు. వాటిని వరసగా చదవాలన్న నియమం ఎవరూ పెట్టలేదు, నచ్చిన ఇరవై చదివినా అవి మీ సొంతమే.

డబ్బు పెట్టి కొన్నాం కదా అనేవాళ్ళున్నారు. ఆ డబ్బు ఎలాగూ పోయింది. దాని వెనక మీ ఆదివారాలు కూడా పంపడం ఎందుకు? ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెబితే, నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయడం గురించే. ఆవిష్కరణ సభల్లో రచయిత ఎదురుగా నిలబడితే కాదనలేక కొన్న కవితా సంపుటాల సంగతి మాత్రం మమ్మల్ని అడక్కండి. అవి మా ఇంట్లోనూ ఒక అర నిండా ఉన్నాయి.

కథ చెప్పాలన్న ఆ పాత నిబంధన ఇప్పుడు తీసేశాం. రిజిస్టరులో ‘తిరిగి ఇచ్చిన తేది’ పక్కన ఇంకో గడి గీశాం: ‘ఎన్నో పేజీ దాకా’. అంకె రాస్తే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. మొదట పెద్దలు కొందరు గొణిగారు, ఇలాగైతే పిల్లలు ఏదీ పూర్తి చేయరని. ఆ భయం మాకూ లేకపోలేదు. మొన్న ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు ‘బారిస్టర్ పార్వతీశం’ పక్కన ‘9’ అని వేసి, అక్కడే నిలబడి ‘బుడుగు’ తీసుకెళ్ళాడు. పై ఆదివారం తిరిగిచ్చేటప్పుడు ఆ గడిలో అంకె వేయలేదు. ‘అయిపోయింది’ అని రాశాడు. అందులో య కింద వత్తు పెట్టాడు. మేం దిద్దలేదు.